నీటితో రెండుసార్లు పని చేయించిన ఊరు

న్యూ హాంప్‌షైర్ కొండల్లోంచి దిగివచ్చే మెరిమాక్ నది, మసాచుసెట్స్ రాష్ట్రంలోకి వచ్చాక ఒకచోట రాళ్ల మీదుగా జారుతుంది. మైలు దూరంలో సుమారు 30 అడుగులు కిందికి దిగుతుంది. దాన్ని పాటకెట్ జలపాతం అంటారు. పేరుకు జలపాతమే కానీ ఆగి చూసేంత అందమేమీ ఉండదు. నురగ కక్కుతూ పోయే రాతి వాలు, అంతే. పెన్నకుక్ తెగవాళ్లు తరతరాలుగా అక్కడ చేపలు పట్టుకునేవారు. తర్వాత వచ్చిన కలప వ్యాపారులకు అది అడ్డంకి. దుంగలు దాటించడానికి 1796లో రాళ్లను చుట్టివచ్చేలా ఒక కాలువ తవ్వి, లాకులు కట్టారు.

1821లో బోస్టన్ వ్యాపారులు కొందరు వచ్చి ఆ అడ్డంకినే బేరం చేశారు. వాళ్లకు కావలసింది ఆ 30 అడుగుల దిగుడే. మరుసటి ఏడాది మెరిమాక్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీ పుట్టింది. 1823లో బట్ట నేయడం మొదలైంది. 1826లో ఆ చోటుకు లోవెల్ అని పేరు పెట్టారు. ఇంగ్లండ్ వెళ్లి మరమగ్గాలను కళ్లతో చూసి, ఆ అమరికను మనసులో పెట్టుకొని వచ్చి, పాల్ మూడీ అనే యంత్రకారుడితో కలిసి వాల్తామ్‌లో మగ్గం కట్టించిన ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ పేరది. ఆయన 1817లోనే పోయాడు, ఈ ఊరిని చూడలేదు. 1836కి అది నగరమైంది. అమెరికాలో పారిశ్రామిక నగరం అనగానే మొదట చెప్పుకునే పేర్లలో ఒకటైంది. నూరేళ్లు తిరిగేసరికి పడిపోయింది, ఆ తర్వాత మళ్లీ లేచింది. ఈ రెండూ అర్థం కావాలంటే ముందు దాని పనితనం తెలియాలి. లోవెల్‌ను మిల్లులున్న ఊరు అనడం కంటే ఊరంత పెద్ద యంత్రం అనడం సరిపోతుంది.

ఆ యంత్రంలో మొదటి భాగం కాలువలు. పాత పాటకెట్ కాలువను వెడల్పు చేసి, దాన్నుంచి కొమ్మలు తీశారు. 1823లో మెరిమాక్ కాలువ, 1826లో హామిల్టన్ కాలువ, 1830ల తొలినాళ్లలో వెస్టర్న్ కాలువ, 1835లో ఈస్టర్న్ కాలువ. చివరికి మొత్తం 5.6 మైళ్ల జాలం అయింది. ఇందులో తెలివి పొడవులో లేదు, మట్టాల్లో ఉంది. మెరిమాక్ మిల్లులు మాత్రం 30 అడుగుల దిగుడునంతా ఒకేసారి వాడుకున్నాయి. మిగతా చోట్ల దాన్ని రెండు మెట్లుగా కోశారు. పై మెట్టు 13 అడుగులు, కింది మెట్టు 17 అడుగులు. హామిల్టన్ కాలువలోని నీరు అక్కడి మిల్లు చక్రాలను తిప్పి, 13 అడుగులు దిగి కింది మట్టపు కాలువలో పడుతుంది. అక్కడితో దాని పని తీరదు. ఈస్టర్న్ కాలువలోకి మళ్లి, బూట్ మిల్లుల దగ్గర ఇంకో 17 అడుగులు దిగుతూ మరో చక్రాన్ని తిప్పి, అప్పుడు నదిలో కలుస్తుంది. ఒకే నీరు, రెండు పనులు. కాలువలు కలిసే ప్రతి చోటా తలుపులున్నాయి. ఏ భాగాన్నయినా విడిగా మూసి, నీళ్లు తోడేసి, గోడలు బాగుచేసుకోవచ్చు. పక్క మిల్లులు ఆగనక్కర్లేదు.

రెండో భాగం కొలత. నీటిని అమ్మాలంటే ముందు కొలవాలి. కాలువలకు యజమాని అయిన లాక్స్ అండ్ కెనాల్స్ అనే సంస్థ ‘మిల్ పవర్’ అనే ప్రమాణాన్ని పెట్టుకుంది. వాల్తామ్‌లోని రెండో మిల్లులో 3,584 కదుళ్లనూ, ఆ నూలును బట్ట చేసే యంత్రాలన్నిటినీ నడిపేంత శక్తి ఒక మిల్ పవర్. 30 అడుగుల దిగుడు ఉంటే అందుకు 25 క్యూసెక్కుల నీరు చాలు. 17 అడుగులే ఉంటే 45.5, 13 అడుగులే ఉంటే 60.5 క్యూసెక్కులు కావాలి. ఎత్తు తగ్గినకొద్దీ నీరు పెరగాలి. ఈ లెక్క కాగితం మీద సులువు. కాలువలో పోయే నీరు నిజంగా 45.5 క్యూసెక్కులే అని తేల్చేదెవరు? పై మిల్లు ఎక్కువ లాగేస్తోందని కింది మిల్లు ఫిర్యాదు చేస్తే తీర్పు చెప్పేదెవరు?

ఆ తీర్పరి జేమ్స్ బి. ఫ్రాన్సిస్. 1815లో ఇంగ్లండ్‌లో పుట్టి, 18 ఏళ్లకు అమెరికా చేరి, 1834లో లోవెల్ యంత్రశాలలో పనికి కుదిరాడు. ఇంగ్లండ్ నుంచి తెప్పించిన స్టీఫెన్‌సన్ రైలింజన్‌ను ముక్కముక్కగా విప్పి, ఒక్కో భాగాన్నీ కొలిచి, బొమ్మ గీయడం అతని తొలి పనుల్లో ఒకటి. ఆ బొమ్మల ఆధారంగా అలాంటి ఇంజన్లు అక్కడే తయారయ్యాయి. 22 ఏళ్లకే ముఖ్య ఇంజనీరయ్యాడు. దాదాపు అర్ధశతాబ్దం ఆ నీటిని కనిపెట్టుకొని ఉన్నాడు.

అతని కొలత పద్ధతి చూస్తే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది. కాలువలో కొంత మేర చెక్కలతో నున్నటి తొట్టి కట్టించాడు. అడుగున సీసం బరువు పోసిన తగరపు గొట్టాలను అందులో నిలువుగా వదిలేవాడు. గొట్టం కొన దాదాపు తొట్టి అడుగు దాకా దిగుతుంది, తల కాస్త నీటిపైన తేలుతుంది. పైపొర వేగం ఒకటి, అడుగుపొర వేగం మరొకటి. అంతటి పొడవూ నీటిలో మునిగిన గొట్టం ఆ రెంటి సగటు వేగంతో కదులుతుంది. గీత నుంచి గీతకు అది పోయే సమయాన్ని గడియారం పట్టి చూసి, వేగం లెక్కగట్టి, దాన్ని తొట్టి వెడల్పు, లోతులతో గుణిస్తే ప్రవాహం తేలుతుంది. దానికి సాక్ష్యంగా రెండో పద్ధతి అలుగు. పదునైన అంచున్న అలుగు మీద నీరు ఎంత మందంతో దూకుతోందో చూసి పరిమాణం చెప్పవచ్చు. అయితే అలుగు రెండు చివరలా నీటి ధార లోపలికి ముడుచుకుంటుంది. చూపుకు ఆనేది అలుగు పూర్తి వెడల్పు, నిజంగా పారేది అంతకంటే తక్కువ. ఒక్కో చివరా నీటి మందంలో పదోవంతును వెడల్పులోంచి తీసేయాలని ఫ్రాన్సిస్ ప్రయోగాలతో తేల్చాడు. అతని పేరు మీదున్న ఆ సూత్రం నేటికీ ఇంజనీరింగ్ పాఠాల్లో ఉంది. ఈ ప్రయోగాలన్నిటినీ 1855లో ‘లోవెల్ హైడ్రాలిక్ ఎక్స్‌పెరిమెంట్స్’ పేరుతో పుస్తకంగా అచ్చువేశాడు.

మూడో భాగం చక్రం. మొదట్లో మిల్లుల కింద పెద్ద పెద్ద చెక్క చక్రాలుండేవి. కొన్నిటి వ్యాసం 30 అడుగులు. చక్రం అంచు చుట్టూ ఉన్న తొట్లలోకి నీరు చేరి, దాని బరువుతో చక్రం తిరిగేది. వరదొచ్చి దిగువ నీరు పైకి లేస్తే చక్రం కాళ్లు నీటిలో మునిగి, తిరగలేక ఈడ్చేది. పైగా నీటి శక్తిలో మూడోవంతు దాకా వృథా. 1844లో యూరియా బోయిడెన్ ఫ్రాన్సు దేశపు నమూనాను మెరుగుపరిచి లోవెల్‌లో టర్బైన్ పెట్టాడు. అందులో నీరు నడిమధ్య నుంచి బయటికి చిమ్ముతుంది. ఫ్రాన్సిస్ దిశ మార్చాడు. శామ్యూల్ హౌడ్ అనే ఆయన పేటెంటు తీసుకున్న లోపలికి పారే చక్రాన్ని తీసుకొని, రెక్కల వంపులన్నీ లెక్కగట్టి మళ్లీ గీశాడు. చుట్టూ కదలని రెక్కల వలయం ఒకటి. వాటి మధ్య సందుల్లోంచి వచ్చే నీటికి సరైన కోణం అక్కడ దొరుకుతుంది. లోపల తిరిగే చక్రం. దాని వంపు తిరిగిన రెక్కలను నీరు కుదుపు లేకుండా తాకి, నెడుతూ మధ్యకు చేరి, తన వేగాన్నంతా అక్కడే వదిలి కిందికి జారుతుంది. చక్రం మొత్తం నీటిలో మునిగి ఉన్నా ఇబ్బంది లేదు. 1849లో బూట్ మిల్లులకు ఇలాంటి చక్రాలు కట్టి, ఇరుసుకు ఘర్షణ బ్రేకు బిగించి, బరువులు తూచి, నీటిని అలుగు మీద కొలిచి చూస్తే, శక్తిలో దాదాపు 80 శాతం చేతికొచ్చింది. తర్వాతి ఇంజనీర్లు రెక్కలను ఇంకా వంచి, బయటి వలయపు రెక్కలు తెరుచుకొని మూసుకునేలా చేసి 90 శాతం దాటించారు. అయినా పేరు ఫ్రాన్సిస్ టర్బైన్‌గానే నిలిచింది. కృష్ణానది మీద శ్రీశైలం కుడిగట్టు కేంద్రంలో ఉన్న 110 మెగావాట్ల యంత్రాలు ఆ రకానివే. నాగార్జునసాగర్‌లో కరెంటు తీయడానికీ, నీటిని తిరిగి పైకి తోడడానికీ పనికొచ్చే రెండు దిశల యంత్రాలు కూడా అదే వంశం.

చక్రం నుంచి శక్తి మిల్లు పైకెక్కాలి. ఇంగ్లండులో దీనికి ఇనుప పళ్ల చక్రాలు, నిలువు ఇరుసులు వాడేవారు. అవి బరువు, మోత, విరిగితే మొత్తం ఆగడం. 1828లో అపిల్టన్ మిల్లు కోసం పాల్ మూడీ వాటి బదులు వెడల్పాటి తోలు పట్టాలు వేశాడు. పట్టా అంతస్తు నుంచి అంతస్తుకు ఎక్కుతుంది. ప్రతి అంతస్తులోనూ కప్పు కింద పొడవాటి ఇరుసు తిరుగుతూ ఉంటుంది, దాన్నుంచి ఒక్కో యంత్రానికీ ఒక్కో చిన్న పట్టా దిగుతుంది. యంత్రం పక్కన రెండు కప్పీలుంటాయి, ఒకటి ఇరుసుకు బిగించినది, రెండోది ఊరికే తిరిగేది. పిడి జరిపితే పట్టా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి తప్పుకుంటుంది. మగ్గం ఆగినా మిల్లు ఆగదు. ఇక పని వరసను అంతస్తుల వరసలోనే పేర్చారు. బరువైన యంత్రాలుండే దూది ఏకే గది కింద, వడికే కదుళ్లు రెండో అంతస్తులో, మగ్గాలు ఆ పైన, పడుగుకు గంజి పట్టించే పని అన్నిటికంటే పైన. బేళ్లుగా వచ్చిన పత్తి అదే గోడల మధ్య బట్టగా మారేది.

నాలుగో భాగాన్ని నగరం మొదట్లో ఎగతాళి చేసింది. 1847-48లో నదీతీరం వెంట రాతి గోడ కట్టి నార్తర్న్ కాలువను పూర్తిచేశాక ఫ్రాన్సిస్‌కు ఒక దిగులు పట్టుకుంది. 1785లో వచ్చిన వరద గుర్తులు వెతికి చూస్తే, అంతటి వరద మళ్లీ వస్తే పాత పాటకెట్ కాలువలోంచి నది నేరుగా ఊరి నడిబొడ్డుకు వచ్చేలా ఉంది. 1850లో ఆ కాలువ మొదట్లో, లాకుల పైన ఒక చావడి కట్టి, 27 అడుగుల వెడల్పు, 25 అడుగుల ఎత్తు గల దేవదారు కొయ్య తలుపును వేలాడదీశాడు. బరువు 20 టన్నులకు పైనే. దాన్ని దించడానికి చక్రాలు లేవు, మరలు లేవు, నిలబెట్టింది ఒక ఇనుప పట్టీ. తుప్పు పట్టి మొరాయించే భాగమే లేకుండా చూడటం ఆ పనిలోని సూక్ష్మం. ‘ఫ్రాన్సిస్ పిచ్చిపని’ అని జనం నవ్వుకున్నారు. 1852 ఏప్రిల్లో వరద వచ్చింది. తెల్లవారుజామున ఆ పట్టీని ఉలితో నరికారు, తలుపు దిగింది, ఊరు మిగిలింది. 1936 మహావరదలోనూ దాన్ని దించారు.

ఇంత పొందికైన యంత్రంలో మనుషుల పాత్రను కూడా యజమానులు ముందే గీసుకున్నారు. న్యూ ఇంగ్లండ్ పల్లెల నుంచి రైతుల ఆడపిల్లలను తెచ్చి, కంపెనీ వసతి గృహాల్లో పెట్టి, గంట కొట్టి లేపి, వారానికి 70 గంటలకు పైగా పని చేయించారు. కానీ మనుషులు కప్పీల్లా తిరగలేదు. కూలి కోతకు 1834లోనూ, వసతి ఖర్చు పెంచినందుకు 1836లోనూ ఆ అమ్మాయిలు పని మానేసి వీధికెక్కారు. 1840ల్లో సారా బాగ్లీ నాయకత్వంలో పది గంటల పనిదినం కోసం సంతకాలు సేకరించి శాసనసభ దాకా వెళ్లారు. ఇక ఆ మిల్లులకు వచ్చిన పత్తి దక్షిణాదిలో బానిసలు పండించి ఏరినది. ఇక్కడ నేసిన ముతక బట్టలో కొంత తిరిగి ఆ బానిసల ఒంటికే చేరింది. పనితనాన్ని మెచ్చుకుంటున్నప్పుడు ఈ లెక్కనూ పక్కనే రాసుకోవాలి. తర్వాత ఐర్లండు వాళ్లు, ఫ్రెంచి కెనడా వాళ్లు, గ్రీకులు, పోర్చుగీసులు, పోలండు వాళ్లు వరసగా వచ్చి అవే మగ్గాల ముందు నిలబడ్డారు.

పతనం వరదలా ఒక్కరాత్రిలో రాలేదు. ఆవిరి, ఆ తర్వాత కరెంటు వచ్చాక మిల్లు నది పక్కనే ఉండాల్సిన అవసరం పోయింది. దాంతో లోవెల్‌కున్న అసలు అనుకూలత సగం కరిగింది. మిగిలిన సగాన్ని మగ్గం తేల్చింది. 1890ల మధ్యలో అదే రాష్ట్రంలోని హోప్‌డేల్‌లో డ్రేపర్ కంపెనీ తనంతట తానే కండెలు మార్చుకునే మగ్గాన్ని తయారుచేసింది. అంతకుముందు పేక నూలు అయిపోయిన ప్రతిసారీ మగ్గం ఆపి, నాడెలో కొత్త కండె పెట్టి, నూలు కొసను నాడె కన్నంలోంచి నోటితో పీల్చి లాగాలి. కొత్త మగ్గంలో పక్కనే ఒక గుండ్రటి గూడు, దానిలో వరసగా నిండు కండెలు. పేక అయిపోవచ్చిందని మగ్గానికి తెలియగానే ఒక సుత్తి దెబ్బతో కొత్త కండె నాడెలోకి దూరి ఖాళీ కండెను కిందికి తోసేస్తుంది. నాడె మరుసటి పరుగుకే కొత్త నూలుతో బయలుదేరుతుంది. పడుగులో ఒక్కో పోగు మీద పలుచటి ఉక్కు రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కిందపడి మగ్గాన్ని ఆపుతుంది. అయిదారు మగ్గాలు చూసే మనిషి ఇప్పుడు ఇరవై, అంతకంటే ఎక్కువ చూడగలడు. దక్షిణాదిలో కొత్తగా లేచిన మిల్లులు వీటిని వెంటనే కొన్నాయి. అక్కడ కూలీ కూడా చవక. లోవెల్ యజమానుల్లో చాలామంది పాత యంత్రాలనే తిప్పుతూ లాభాలు పంచుకున్నారు. సొంత రాష్ట్రంలో పుట్టిన మగ్గం వెయ్యి మైళ్ల అవతల ముందు నాటుకుంది.

1920 జనాభా లెక్కల్లో నగరంలో 1,12,759 మంది ఉన్నారు. ఆ దశాబ్దంలోనే పెద్ద మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి, కొన్ని దక్షిణాదికి తరలిపోయాయి. పన్ను తగ్గుతుందని కొన్ని భవనాలను కూల్చేశారు. 1950ల్లో బూట్ మిల్లులు, మెరిమాక్ మిల్లులు కూడా ఆగిపోయాయి. అన్నిటికంటే మొదట పుట్టిన మెరిమాక్ మిల్లులను పట్టణ పునరుద్ధరణ పేరుతోనే నేలమట్టం చేశారు. 1966లో డటన్ వీధిలోని పాత వసతి గృహాల వరస పోయింది. చెత్త తేలే కాలువలను పూడ్చేద్దామన్న మాటలూ వినిపించాయి.

అప్పుడు పాట్రిక్ మోగన్ అనే విద్యావేత్త తిరకాసు ప్రశ్న వేశాడు. ఊరు సిగ్గుపడుతున్న ఆ పాత ఇటుకలే ఊరికి పాఠశాల ఎందుకు కాకూడదు? కూలిపోయినదాన్ని దాచిపెడితే ఇక్కడి పిల్లలు తమ తాతల పనిని ఓటమిగానే నేర్చుకుంటారని అతని వాదన. 1974లో రాష్ట్రం వారసత్వ ఉద్యానం ప్రకటించింది. లోవెల్‌లోనే పుట్టిన కాంగ్రెస్ సభ్యుడు పాల్ సాంగస్ ఆ ఆలోచనను బిల్లుగా మలిచాడు. 1978 జూన్ 5న లోవెల్ జాతీయ చారిత్రక ఉద్యానం చట్టమైంది. 

ఆ చట్టం కూడా ఒక మంచి అమరికే. అమెరికాలో జాతీయ ఉద్యానమంటే సాధారణంగా హద్దులు గీసి, లోపలి నేలను ప్రభుత్వం కొనుక్కోవడం. ఇక్కడ జనం కాపురముంటున్న నగరమే ఉద్యానం. అందుకని పనిని పంచారు. ఉద్యాన శాఖ కొన్ని ముఖ్యమైన భవనాలను మాత్రమే తీసుకుంది. పరిరక్షణ కమిషన్ ఒకటి 1995 దాకా ఉండి, సొంతదారులకు గ్రాంట్లు, అప్పులు ఇచ్చి పాత ముఖద్వారాలు, కిటికీలు బాగుచేయించింది. రాష్ట్రం కాలువల గట్లు చూసుకుంది. మిల్లుల్లోకి సొంత డబ్బుతో వచ్చి ఇళ్లు, ఆఫీసులు కట్టుకున్నది ప్రైవేటువాళ్లు. స్తంభాల మీద నిలిచిన విశాలమైన అంతస్తులు, పగటి వెలుతురు కోసం పెట్టిన పెద్ద కిటికీలు అందుకు చక్కగా సరిపోయాయి. గోడలు కూల్చకుండానే మసాచుసెట్స్ మిల్లులు నివాసాలయ్యాయి.

1992లో తెరిచిన బూట్ మిల్లుల మ్యూజియంలో నేత గది ఈ పునరుద్ధరణకు కేంద్రం. 88 పాత డ్రేపర్ మగ్గాలను అక్కడ బిగించారు. లోవెల్ ఆలస్యంగా కొన్న ఆ మగ్గాలే ఇప్పుడు లోవెల్‌కు జనాన్ని తెస్తున్నాయి. కొన్ని మాత్రమే నడిపినా గది నేల అదురుతుంది, వచ్చినవాళ్లకు చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలిస్తారు. పడుగు రెండుగా విడిపోవడం, సందులోంచి నాడె దూసుకుపోవడం, పన్నె వచ్చి పేకను తట్టడం, ఈ మూడూ రెప్పపాటులో జరిగి మళ్లీ మొదలవుతాయి. నేసిన బట్ట చేతి తువ్వాళ్లుగా అక్కడి దుకాణంలో అమ్ముడుపోతుంది. పాత మగ్గాన్ని అద్దాల పెట్టెలో పెట్టడం తేలిక. నడిచేలా ఉంచాలంటే తోలు పట్టా బిగువు, నాడె అంచు అరుగుదల తెలిసిన చేతులు ఎప్పుడూ ఉండాలి. సఫక్ మిల్లులో పాత టర్బైన్‌ను బాగుచేసి, నిజమైన కాలువ నీటితో తిప్పి చూపే ఏర్పాటు కూడా అలాంటిదే. నార్తర్న్ కాలువ మాత్రం మ్యూజియానికి పరిమితం కాలేదు. 1980ల మధ్యలో కట్టిన విద్యుత్ కేంద్రానికి అదే నీరు అందిస్తోంది.

అంతా సాఫీగా జరిగిందని కాదు. 1970ల చివర్లో కంప్యూటర్లు చేసే వాంగ్ లాబొరేటరీస్ లోవెల్‌ను తన కేంద్రం చేసుకుంది. మిల్లుల స్థానంలో కొత్త మిల్లు దొరికిందని ఊరు సంబరపడింది. 1992లో ఆ కంపెనీ దివాలా తీసింది. సుమారు ఆరు కోట్ల డాలర్లతో కట్టిన దాని టవర్లు 1994 వేలంలో 5,25,000 డాలర్లకు పోయాయి. ఒకే చక్రం మీద అంతా తిప్పడం ఎంత ప్రమాదమో నగరానికి రెండోసారి తెలిసింది. అయితే ఈసారి మిగతా భాగాలు నిలబెట్టాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయం ఉంది, మిల్లుల్లో ఇళ్లున్నాయి, 1980ల నుంచి శరణార్థులుగా వచ్చిన కంబోడియా కుటుంబాల దుకాణాలూ గుళ్లూ ఉన్నాయి. కంబోడియన్లు ఎక్కువగా ఉన్న అమెరికా నగరాల్లో లోవెల్‌ది రెండో స్థానం. 1980లో 92,418కి పడిపోయిన జనాభా 2020 నాటికి 1,15,554కు చేరింది. నూరేళ్ల కిందటి అంకెను దాటింది.

అమెరికాలో పడిపోయిన పారిశ్రామిక నగరాలు చాలా ఉన్నాయి, వాటిలో చాలాచోట్ల పాతదాన్ని తుడిచేయడమే బాగు అనుకున్నారు. లోవెల్ కూడా మొదట ఆ దారే పట్టి, తన మొదటి మిల్లునే పోగొట్టుకుంది. తర్వాత దాన్ని కాపాడింది పాత కట్టడాల బలం ఒక్కటే కాదు, వాటిని విప్పి బాగుచేయడానికున్న వీలు. కాలువలో ఏ ముక్కకు ఆ ముక్క తలుపులున్నాయి. మగ్గంలో ఏ భాగానికి ఆ భాగం ఊడివస్తుంది. మిల్లు గోడ నిలబడి ఉండగానే లోపలి పని మార్చుకోవచ్చు. ఫ్రాన్సిస్ తరం ఆ వీలును తమ రోజువారీ మరమ్మతుల కోసమే కల్పించుకుంది. అది ఎప్పటికైనా ఊరి మరమ్మతుకూ పనికొస్తుందని వాళ్లెవరూ అనుకొని ఉండరు. మంచి పనితనానికి ఉన్న మేలు అదే. చేసినవాళ్లు తలపెట్టని పనికి కూడా అది అక్కరకొస్తుంది.